కింద కేఫ్ వైఫై, పైన గదిలో వాడకం: ఎంతవరకు సబబు?

అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల ఏ వీధి చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కింద షటర్లలో కేఫ్, బేకరీ, టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్. పైన మూడు నాలుగు అంతస్తుల్లో హాస్టళ్లు, బ్యాచిలర్ రూములు. కేఫ్ కౌంటర్ దగ్గర, క్యూఆర్ కోడ్ స్టాండ్ పక్కనే, లామినేట్ చేసిన చిన్న కాగితం ఒకటి అంటించి ఉంటుంది: వైఫై పేరు, దాని కింద పాస్‌వర్డ్. పైగదిలో ఉండే కుర్రాడు ఒకరోజు దిగి వచ్చి, టీ, సమోసా తీసుకుని కూర్చుని, ఆ పాస్‌వర్డ్ కొట్టి ఫోన్‌లో ఏదో చూసుకుంటాడు. అక్కడిదాకా ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. రాత్రి రూముకి వెళ్లి మంచం మీద వాలాక చూస్తే ఫోన్ దానంతటదే ఆ వైఫైకి కనెక్ట్ అయి ఉంటుంది, కిటికీ దగ్గర రెండు గీతల సిగ్నల్. మర్నాడు ల్యాప్‌టాప్ కూడా కలుస్తుంది. వారం తిరిగేసరికి ఆ రూములో ముగ్గురికీ అదే ఇంటర్నెట్.

ఇందులో తప్పుందా అంటే చాలామందికి ప్రశ్నే వింతగా ఉంటుంది. ఎవరూ గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు, పాస్‌వర్డ్ వాళ్లే రాసి పెట్టారు. "ఫ్రీ వైఫై" అని బోర్డు కూడా ఉంది. పైగా సిగ్నల్ దానంతటదే మన గదిలోకి వస్తోంది, మనం వెళ్లి లాక్కొచ్చింది కాదు. వాడుకోకపోతే గాలిలో కలిసిపోయేదాన్ని వాడుకున్నాం, ఎవరికి నష్టం?

ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఎండాకాలంలో రోడ్డు పక్కన పెట్టే చలివేంద్రాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకుంటే అందులో లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. పందిరి కింద కుండలు, పైన ఎర్రగుడ్డ తడిపి కప్పి, గ్లాసులు బోర్లించి పెడతారు. దారిన పోయేవాళ్లు ఎవరైనా తాగొచ్చు, కులం అడగరు, డబ్బు అడగరు, రెండో గ్లాసు తాగినా ఏమీ అనరు. అదే ఒకావిడ రోజూ పొద్దున్నే రెండు బిందెలు తెచ్చి ఇంటికి నింపుకుపోతుంటే? అవే కుండలు, అవే నీళ్లు, "ఉచితం" అనే మాటా మారలేదు. అయినా చూసేవాళ్లందరికీ అది తప్పని తెలుస్తుంది. ఎందుకంటే ఆ నీళ్లు పెట్టింది ఎండలో నడిచి వచ్చేవాళ్ల దాహం తీర్చడానికి. ఉచితంగా ఇచ్చేవాటన్నిటికీ ఇలా ఒక ఉద్దేశం ఉంటుంది, దాన్ని బోర్డు మీద రాయరు, రాయాల్సిన అవసరం లేదని అందరికీ తెలుసు కాబట్టి. గుడిలో అన్నదానానికి వెళ్లి కడుపునిండా తినొచ్చు, ఎవరూ లెక్కపెట్టరు. టిఫిన్ క్యారియర్ తీసుకెళ్తే మాత్రం వడ్డించేవాళ్లు ఆగి చూస్తారు.

కేఫ్ వైఫై కూడా అంతే. అక్కడ కూర్చున్నవాళ్లు ఇంకాసేపు కూర్చోవాలని, ఇంకో టీ చెప్పాలని, స్నేహితులను అక్కడికే రమ్మనాలని యజమాని నెలనెలా కట్టే బిల్లు అది. కుర్చీ, ఫ్యాను, టేబుల్ మీద టిష్యూ పేపర్ ఎలాగో వైఫై అలాగ. టిష్యూ పేపర్ కూడా ఫ్రీయే, కానీ కట్ట మొత్తం తీసి బ్యాగులో వేసుకోం.

అయితే నీళ్లతో పోలిక ఇక్కడ సరిపోదనేవాళ్లు ఉన్నారు. బిందె నింపితే కుండలో నీళ్లు తగ్గుతాయి, వైఫై తగ్గదు కదా అంటారు. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథ ఒకటుంది: మిఠాయి కొట్టు ముందు నిలబడి వాసన పీల్చినందుకు డబ్బు కట్టమంటాడు కొట్టువాడు, న్యాయం చెప్పే పెద్దమనిషి నాణేలు గలగలలాడించి, వాసనకు ఈ చప్పుడే వెల, చెల్లిపోయింది పొమ్మంటాడు. వాసన పీల్చితే లడ్డూ బరువు తగ్గదు, కాబట్టి కొట్టువాడిదే దురాశ. వైఫై సిగ్నల్ కూడా మిఠాయి వాసన లాంటిదే అయితే ఈ చర్చే అక్కర్లేదు. కానీ కాదు. వైఫై పనిచేసే తీరు చూస్తే ఇది వాసన కంటే నీళ్లకే దగ్గర, పైగా దూరం నుంచి వాడేవాళ్లు దగ్గర కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువ తోడేస్తారు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది ఆలోచన మారుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఒక రూటరు ఒక ఛానల్ (రేడియో తరంగాల దారి) మీద మాట్లాడేటప్పుడు, మామూలుగా ఒక క్షణంలో ఒక్కరితోనే మాట్లాడగలదు. పది ఫోన్లు కలిసి ఉంటే వంతులవారీగా నడుస్తుంది, మన కళ్లకు మాత్రం అందరికీ ఒకేసారి వస్తున్నట్టు కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర ఒక్కడే మనిషి ఉన్న టిఫిన్ సెంటర్ అనుకోండి. ఎదురుగా నిలబడినవాళ్లు "రెండు ఇడ్లీ, ఒక వడ" అని రెండు సెకన్లలో చెప్పి పక్కకు తప్పుకుంటారు. వీధి చివర నుంచి ఒకరు కేకేసి ఆర్డర్ చెప్తుంటే? కౌంటర్‌లో మనిషికి వినపడదు. "ఏంటీ? మళ్లీ చెప్పు" అంటాడు. అతను మెల్లగా, ఒక్కో మాట విడదీసి, రెండుసార్లు చెప్పాలి. తీసుకునేవి అవే రెండు ఇడ్లీలే అయినా ఆ ఒక్క మనిషి ఐదుగురి సమయం తినేస్తాడు, ఎదురుగా ఉన్న క్యూ మొత్తం ఆగిపోతుంది.

రేడియో తరంగాల దగ్గరా ఇదే జరుగుతుంది. మన కేఫుల్లో ఇంకా చాలా కనిపించే 802.11ఎన్ రకం రూటరు 2.4 గిగాహెర్ట్జ్ మీద, మామూలు 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో, ఒక్క యాంటెన్నా ఉన్న ఫోన్‌తో గరిష్ఠంగా సెకనుకు 72 మెగాబిట్ల దాకా మాట్లాడగలదు. సిగ్నల్ బలహీనపడేకొద్దీ తప్పులు రాకుండా వేగం తగ్గించుకుంటూ పోతుంది, అట్టడుగు మెట్టు 6.5 మెగాబిట్లు. అంటే పదకొండు రెట్ల తేడా. ఒక స్లాబు, రెండు ఇటుక గోడలు దాటి కిటికీ దగ్గర రెండు గీతల సిగ్నల్‌తో వీడియో చూసే ఫోన్ ఆ కింది మెట్ల మీదే నడుస్తుంటుంది. అదే వీడియో ముక్కను టేబుల్ దగ్గర కూర్చున్న ఫోన్‌కు పంపడానికి పట్టే సమయం కంటే పది రెట్లు ఎక్కువ సమయం పట్టొచ్చు, మధ్యలో పోయినవాటిని మళ్లీ పంపడం అదనం. ఆ సేపంతా మిగతావాళ్లు వంతు కోసం ఆగాల్సిందే. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ కానీ గోడలు దాటడం తక్కువ, కాబట్టి పైగదికి చేరేది ఎక్కువగా 2.4 సిగ్నలే. అందులో ఒకదాన్నొకటి తాకకుండా వాడుకోగల ఛానళ్లు 1, 6, 11 అని మూడే, వాటినే ఆ అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు అన్నీ పంచుకుంటాయి. అందరికీ సమయాన్ని సమానంగా పంచే ఏర్పాటు ఖరీదైన రూటర్లలో ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీవాడు కనెక్షన్‌తో పాటు బిగించి వెళ్లిన డబ్బాలో దాన్ని ఆశించలేం.

కాబట్టి "నేను వాడితే వాళ్లకేం తగ్గుతుంది" అనే ప్రశ్నకు జవాబు: వాళ్ల సమయం తగ్గుతుంది. మునిసిపల్ కుళాయికి మోటారు బిగించి లాగేవాళ్లకు కూడా తమ ఇంట్లో నీళ్లే కనిపిస్తాయి, పక్కింటి కుళాయిలో సన్నబడిన ధార కనిపించదు. కింద కేఫ్‌లో నష్టపోయేది యజమాని ఒక్కడే కాదని కూడా గమనించాలి. డబ్బులిచ్చి కాఫీ తాగుతూ ఆఫీసు కాల్‌లో ఉన్న అమ్మాయి గొంతు తెగిపోతుంది. చాలాచోట్ల బిల్లింగ్ కంప్యూటరు, స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు తీసుకునే ట్యాబ్లెట్ కూడా అదే వైఫై మీద నడుస్తాయి, ఆర్డర్ వచ్చినా స్క్రీన్ మీద తిరుగుతూ ఉండిపోతుంది. కౌంటర్ కుర్రాడు రూటరు ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు, పాపం అతనికి కారణం తెలియదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్ల వైపు నుంచి స్పీడు సరిగ్గానే ఉందంటారు, అదీ నిజమే.

నెలకు ఎన్ని జీబీలు వాడారన్నది దీనితో పోలిస్తే చిన్న విషయం. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ వీడియోకి గంటకు 3 జీబీ దాకా అవుతుంది. రోజూ రాత్రి మూడు గంటల చొప్పున నెలకు 270 జీబీ. పెద్ద కంపెనీల "అన్‌లిమిటెడ్" ప్లాన్లలో వేగం తగ్గించే హద్దు 3,300 జీబీ దగ్గర ఉంటుంది కాబట్టి ఒక్క మనిషి వల్ల అది దాటదు. నలుగురు స్నేహితులకు పాస్‌వర్డ్ చెప్పి, వాళ్లలో ఒకరు గేములు డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడితే, లేదా కేఫ్‌కు ఉన్నది లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన చిన్న ప్లాన్ అయితే కథ వేరు.

"నేనూ వాళ్ల కస్టమర్‌నే, రోజూ టీ అక్కడే తాగుతాను" అన్నది ఈ మొత్తంలో కాస్త బలమున్న వాదన. రోజూ డబ్బు ఖర్చుపెట్టే మనిషికి కాస్త ఎక్కువ చనువు ఉంటుంది, ఏ కొట్లోనైనా ఉంటుంది, అందులో తప్పు లేదు. తెలిసిన మనిషని కొట్టువాడు చిల్లర లేకపోతే రేపిమ్మంటాడు, పార్సిల్ వస్తే తీసి పెడతాడు. కానీ ఇవన్నీ అతను తెలిసి చేసేవి. టీకి ఇచ్చిన డబ్బు టీకి సరిపోయింది. దాని మీద ఇంకేమైనా ఉంటే అది అతని మంచితనం, దాన్ని అతనికి తెలియకుండా మనమే లెక్కగట్టి తీసేసుకుంటే అది మంచితనం కింద జమ కాదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇక అసలు చిక్కు: అనుమతి. చాలామంది యజమానులు ఇస్తామనీ చెప్పరు, వద్దనీ చెప్పరు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనా? తెలిసి ఏమీ అనకపోతే అలా అనుకోవచ్చు. పైగదిలో ముగ్గురు వాడుతున్నారని తెలియని మనిషి మౌనానికి మాత్రం ఏ అర్థమూ లేదు. ఒకటి స్పష్టంగా చెప్పొచ్చు, పాస్‌వర్డ్ మారిందంటే తలుపు వేసినట్టే. అప్పుడు కిందకు దిగి ఒక టీ తాగి కొత్త పాస్‌వర్డ్ ఫొటో తీసుకొచ్చుకోవడం, లేదా పాస్‌వర్డ్‌లు పోగేసి పంచే యాప్‌లో వెతకడం, ఈ రెంటిలో ఏది చేసినా వాళ్లు వద్దన్న తర్వాత చేసిన పనే అవుతుంది. టేబుళ్లు తుడిచే కుర్రాడిని మచ్చిక చేసుకుని అడిగి తెలుసుకోవడం ఇంకా ఇబ్బందికరం, రేపు యజమానికి తెలిస్తే మాట పడేది అతను, ఉద్యోగం పోయేది అతనిది.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం కంప్యూటరును గానీ నెట్‌వర్క్‌ను గానీ యజమాని అనుమతి, లేదా దాని బాధ్యత చూసే మనిషి అనుమతి లేకుండా వాడితే పరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని మోసపూరితంగా, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "బాధ్యత చూసే మనిషి" అన్నారు కాబట్టి కేఫ్ మేనేజర్ సరేనంటే అది అనుమతే, ప్రతిదానికీ ఓనర్‌నే వెతకనక్కర్లేదు. కస్టమర్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఇంటి నుంచి వాడితే అనుమతి ఉన్నట్టా లేనట్టా అన్నది వాదించుకోదగ్గ విషయమే. ఇంత చిన్నదానికి స్టేషన్‌కు వెళ్లే కేఫ్ యజమాని కూడా అరుదు.

వేరే దేశాల్లో మాత్రం ఇలాంటివి కోర్టుల దాకా వెళ్లాయి. 2007లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం స్పార్టా అనే చిన్న ఊళ్లో ఒకాయన మధ్యాహ్నం భోజన విరామంలో కేఫ్ బయట కారులో కూర్చుని, లోపలికి వెళ్లకుండా, వాళ్ల వైఫై మీద ఈమెయిల్ చూసుకునేవాడు. పోలీసు వచ్చి ఏం చేస్తున్నావంటే దాచకుండా ఉన్నది చెప్పాడు. కేఫ్ యజమానికి అది నేరమని కూడా తెలియదు, ఫిర్యాదూ చేయలేదు. అయినా అతనికి 400 డాలర్ల జరిమానా, 40 గంటల సమాజ సేవ పడింది. అదే ఏడాది సింగపూర్‌లో పొరుగువాళ్ల వైఫై వాడినందుకు 17 ఏళ్ల కుర్రాడికి 18 నెలల ప్రొబేషన్ విధించారు. ఈ శిక్షలు తప్పుకు మించినవి. అడగకుండా వాడటం మర్యాద తప్పిన పని, పొరుగువాళ్ల హక్కు కాస్త తినేసిన పని, దానికి పోలీసు జీపు అక్కర్లేదు. అయితే శిక్ష ఎక్కువైందని చెప్పినంత మాత్రాన పని మంచిదైపోదు.

మన దేశంలో ఈ విషయానికి ఇంకో చరిత్ర ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) పట్టుకుని వెళ్తే అది నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్‌కు చేరింది. ఆయన వైఫైకి సరైన భద్రత లేకపోవడంతో బయటివాళ్లెవరో వాడుకున్నారు, విచారణ మాత్రం ఆయన ఎదుర్కొన్నాడు. ఆ సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ల ఈమెయిల్ కూడా ముంబయి చెంబూరులో ఒక కంపెనీ వైఫై నుంచే వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై కనెక్షన్లకు భద్రతా నిబంధనలు తెచ్చింది. రైల్వే స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్టులోనో ఫ్రీ వైఫై కావాలంటే ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టాల్సి రావడం వెనక ఉన్నది ఈ కథే.

లామినేటెడ్ కాగితం మీద పాస్‌వర్డ్ రాసి పెట్టే కేఫ్‌లో ఆ ఓటీపీ ఉండదు. కనెక్షన్ యజమాని ఆధార్ మీద ఉంటుంది. పైగదిలో కుర్రాడు ఏ తప్పూ చేయకపోవచ్చు, కానీ అతను పాస్‌వర్డ్ చెప్పిన స్నేహితుడు, ఆ స్నేహితుడి రూమ్మేట్ ఏం చేస్తారో అతనికీ తెలియదు. రేపు ఎవరైనా ఆ నెట్‌వర్క్ మీద ఒకరిని వేధించినా, మోసం చేసినా సైబర్ క్రైమ్ పోలీసులు మొదట వచ్చేది కేఫ్ దగ్గరికే. దోసెలు పోసుకుని బతికే మనిషికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సిగ్నల్ దానంతటదే గదిలోకి వచ్చిందనే మాట ఇక్కడ అసలు నిలవదు, ఎందుకంటే మన ఫోన్ నుంచి బయటికి వెళ్లే ప్రతిదీ ఆయన పేరు మీదే వెళ్తోంది.

అవసరం సంగతేమిటి? అది వేరేగానే చూడాలి. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఇద్దరు చిన్నపిల్లలు టాకో బెల్ రెస్టారెంట్ బయట నేల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, ఆ వైఫై మీద ఆన్‌లైన్ క్లాసులు వింటున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటో చూసి పిల్లలది తప్పు అన్నవాళ్లు ఉంటే వాళ్ల మనసు గురించి ఆలోచించాలి. స్కూలు మూసి ఇంట్లో చదువుకోమన్నప్పుడు ఇంటర్నెట్ ఇవ్వాల్సిన బాధ్యత పెద్దలది, తర్వాత స్కూలు అధికారులే ఆ కుటుంబానికి హాట్‌స్పాట్ ఇచ్చారు కూడా. మన దగ్గర కూడా రేపు పరీక్ష ఫీజుకు చివరి రోజై, డేటా అయిపోయి, కింద వైఫై మీద ఫారం నింపితే అదేమీ పాపం కాదు. జియో వచ్చిన 2016 తర్వాత మన దేశంలో రోజువారీ డేటా చవకైంది, కాబట్టి మెసేజీలకూ రీల్స్‌కూ అవసరం అనే మాట చెల్లదు. కానీ కోచింగ్ వీడియోలు, పదుల జీబీల సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన విద్యార్థికి రోజుకు 1.5 జీబీ నిజంగానే చాలదు. అలాంటివాళ్ల కోసమే ఈ చర్చలో అడగడం అనే మాట ముఖ్యమవుతుంది.

గోడ దాటి మన వైపు వచ్చిన మునగ కొమ్మ ఉంటే "పిన్నిగారూ, సాంబారులోకి రెండు కాయలు కోసుకోనా" అని అడుగుతాం. ఆవిడ "అయ్యో దానికి అడగాలా, కోసుకో అమ్మా" అంటుంది. నిజానికి ఆ అడగడం వల్లే ఆవిడకు ఆ మాట అనే అవకాశం వచ్చింది. కేఫ్ యజమానిని అడగడానికి మెట్లు దిగితే చాలు. "అన్నా, పైన రూములో ఉంటాం, పరీక్షల వరకు రాత్రిపూట మీ వైఫై వాడుకోవచ్చా, నెలకు ఎంతో కొంత ఇస్తాం" అంటే చాలామంది కాదనరు. షటర్ దించాక వాడుకోమంటారు, లేదా డౌన్‌లోడ్లు మాత్రం పగలు పెట్టొద్దంటారు. రాత్రి పదకొండు తర్వాత కింద వంతు కోసం ఆగేవాళ్లెవరూ ఉండరు కాబట్టి పైన చెప్పిన నష్టమంతా అక్కడితో తీరిపోతుంది. అడగడానికి మొహమాటమేస్తోందంటే, వద్దంటాడేమోనని లోపల అనుమానం ఉన్నట్టే.

యజమాని వైపు నుంచి కూడా కొంత పని ఉంది. కస్టమర్లకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి బిల్లింగ్‌ను దాని నుంచి విడదీయడం మామూలు రూటర్లలోనూ ఐదు నిమిషాల పని. దాంతో ఎవరు చొరబడ్డా లెక్కల కంప్యూటరు జోలికి పోలేరు. పైవాళ్లకు డబ్బు తీసుకుని ఇవ్వాలనుకుంటే దానికీ పద్ధతి ఉంది. 2020 డిసెంబరు 9న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం వాణి పథకం కింద టీ కొట్టు, కిరాణా కొట్టు ఎవరైనా లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా పబ్లిక్ వైఫై ఇవ్వొచ్చు. వాడేవాళ్లు యాప్‌లో తమ నంబరుతో లాగిన్ అవుతారు కాబట్టి ఎవరేం చేశారన్న భారం యజమాని ఒక్కడి మీద పడదు. ఈ పథకం అనుకున్నంతగా పెరగలేదు. ఇంటర్నెట్ కంపెనీలు చిన్న కొట్లకు కూడా ఖరీదైన లీజ్డ్ లైన్ (కంపెనీలకు విడిగా కేటాయించే కనెక్షన్) తీసుకోమనడం దానికి పెద్ద అడ్డంకి అయింది. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ జోక్యం చేసుకుని, 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న కనెక్షన్లకు ఇళ్ల ధరకు రెట్టింపు మించి వసూలు చేయకూడదని హద్దు పెట్టింది. హాస్టళ్లున్న వీధుల్లో నాలుగు కేఫులు దీన్ని పెట్టుకుంటే ఇలా దొంగచాటుగా వాడే అవసరం చాలావరకు తగ్గుతుంది.

అడిగాక కుదరదన్నా కూడా దారి మూసుకుపోదు. 2020 సెప్టెంబరులో జియోఫైబర్ 30 ఎంబీపీఎస్ ప్లాన్‌ను నెలకు 399 రూపాయలకు తెచ్చింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 471. ఆ పైగదిలో ఉన్నది ముగ్గురు కాబట్టి ఒక్కొక్కరికి నెలకు 157 రూపాయలు, రూటరు కూడా మంచం పక్కనే ఉంటుంది.